ఆ పాత పెయింట్ జోలికి వెళ్లకండి: జర్మన్ నిప్పు బాంబుల సేకరణపై మీ ప్రశ్నలు

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు ఇంగ్లండ్ మీద వేసిన ఒక కిలో నిప్పు బాంబు (సేకర్తల భాషలో బీ1ఈ) గురించి గత సంచికలో నాలుగు ముక్కలు రాస్తే, ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. సగం మంది అడిగింది ఒకటే, "నా దగ్గరున్న దాని మీద పెయింట్ అసలుదేనా?" అని. దాని గురించే ఎక్కువ రాస్తాను. కానీ అంతకంటే ముందు చెప్పాల్సింది ఒక ఉత్తరంలో ఉంది, అందుకే వరస మార్చి దాన్ని ముందుకు తెచ్చాను.

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లో కెంట్ కౌంటీలో ఉంటాం. ఈ మధ్య కొన్న పాత ఇంటి షెడ్డులో పెయింట్ డబ్బాల వెనకాల ఒక జర్మన్ నిప్పు బాంబు దొరికింది. తోక ఆకుపచ్చగా, బాడీ వెండి రంగులో ఉంది, చూడటానికి చాలా బాగుంది. పైన దుమ్ము తుడిచి ఫొటో పంపుతున్నాను. పెయింట్ అసలుదో కాదో చెప్పగలరా? లోపల ఏమైనా ఉందేమో చూద్దామని కింది మూత తిప్పబోయాను, రాలేదు.

జవాబు: అమ్మా, పెయింట్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు దాన్ని ఉన్నచోట ఉన్నట్టే వదిలేసి, షెడ్డు తలుపు దగ్గరికి వేసి, పిల్లల్ని అటు వెళ్లనివ్వకుండా 999కి ఫోన్ చేసి పోలీసులకు చెప్పండి. వాళ్లు సైన్యంలోని బాంబు నిర్వీర్య బృందాన్ని పిలుస్తారు. దీనికి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, అక్కడి పోలీసులకు ఇలాంటి ఫోన్లు మామూలే. మూత ఇంకోసారి తిప్పొద్దు. ఫొటో కోసం కూడా మళ్లీ చేతిలోకి తీసుకోవద్దు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ బాంబు చిన్నది కాబట్టి, పేలుడు మందు బాంబులా భయపెట్టదు కాబట్టి, చాలామంది దీన్ని బొమ్మలా చూస్తారు. పొడవు సుమారు 35 సెంటీమీటర్లు, అడ్డం 5 సెంటీమీటర్లు, బరువు ఒక కిలో, అంటే ఒక చేత్తో పట్టుకునే వస్తువు. కానీ లోపలుండేది థర్మైట్, అంటే ఐరన్ ఆక్సైడ్, అల్యూమినియం పొడుల మిశ్రమం. అంటుకుంటే వేడి దాదాపు 2,500 డిగ్రీల సెల్సియస్‌కి పోతుంది. ఆ థర్మైట్ కాలేది నిమిషం పాటే, దాని పని బాడీని అంటించడం. బాడీ పేరు ఎలెక్ట్రాన్, తొంభై శాతానికి పైగా మెగ్నీషియం ఉన్న మిశ్రమ లోహం. అసలు మంట అదే, పది పదిహేను నిమిషాలు తెల్లగా, కళ్లు చెదిరేలా మండుతుంది. అంటే ఈ బాంబులో పై తొడుగు కూడా ఇంధనమే. ఇంకోటి, నిప్పు ఆర్పడానికి వచ్చేవాళ్లను దగ్గరికి రానివ్వకుండా వీటిలో కొన్నింటికి పేలుడు మందు కూడా చేర్చారు. బయటి నుంచి చూసి అది ఏ రకమో తేల్చడం మీ పని కాదు, నా పని అంతకన్నా కాదు. "ఎనభై ఏళ్లయింది, ఇంకేం పనిచేస్తుంది" అనుకోవద్దు. థర్మైట్‌కి వయసుతో పెద్దగా పనిలేదు.

వాళ్లు చూసి, ఖాళీదని తేల్చి మీకు తిరిగి ఇచ్చేస్తే, అప్పుడు ఫొటో పంపండి. ఆ ఆకుపచ్చ గురించి నాకూ ఆత్రంగానే ఉంది.

ప్రశ్న: ఖాళీ చేసిన బీ1ఈ ఒకటి వేలంలో చూశాను. "ఒరిజినల్ ఫినిష్" అని రాశారు. అసలు ఫినిష్ అంటే ఏమిటి, దాన్ని ఎలా గుర్తుపట్టాలి? కొనే ముందు ఏమేం చూడాలో వివరంగా రాస్తారా?

జవాబు: వివరంగానే రాస్తాను, ఎందుకంటే ఈ ఒక్క మాట మీదే సేకర్తలు ఎక్కువగా మోసపోతున్నారు.

బీ1ఈలో బీ అంటే జర్మన్‌లో బ్రాండ్‌బాంబె, నిప్పు బాంబు. 1 అంటే కిలో, ఈ అంటే ఎలెక్ట్రాన్. మామూలుగా కనిపించే రూపం, లోహపు వెండి బూడిద రంగు బాడీ, మెరుపు లేని ముదురు ఆకుపచ్చ పెయింట్ వేసిన రేకు తోక. ఇది గుర్తుంచుకుంటే చాలావరకు పని అయిపోయినట్టే. ఎందుకంటే మొత్తం బాంబుకి పై నుంచి కింది దాకా ఒకే రంగు, ఒకే మెరుపు కనబడితే, అది ఎంత అందంగా ఉన్నా, ఎవరో ఒక మధ్యాహ్నం పూట స్ప్రే డబ్బా పట్టుకుని కూర్చున్నారేమోనని ముందు అనుమానించాలి.

ముందు లోహం చూడండి, పెయింట్ తర్వాత. చిన్న అయస్కాంతం జేబులో పెట్టుకుని వెళ్లండి. తోక ఇనుప రేకు కాబట్టి పట్టుకుంటుంది, బాడీ పట్టుకోకూడదు. (ఇదే బాంబులో 1.3 కిలోల రకానికి ముందు ఉక్కు ముక్కు ఉంటుంది, అక్కడ పట్టుకుంటే కంగారు పడకండి.) బాడీ అయస్కాంతానికి పట్టుకోలేదు కదా అని వెంటనే సంతోషించొద్దు, అల్యూమినియంతో తిప్పిన నకలు కూడా పట్టుకోదు. తేడా బరువులో ఉంది. ఎలెక్ట్రాన్ సాంద్రత సుమారు 1.8, అల్యూమినియంది 2.7. ఒకే కొలతలున్న ఖాళీ బాడీ అల్యూమినియంది అయితే ఒకటిన్నర రెట్లు బరువుంటుంది. అసలు బాడీని ఒక్కసారి చేతిలో పట్టుకున్నవాళ్లకి ఆ తేలికదనం మరిచిపోయేది కాదు, "ఇది లోహమేనా" అనిపిస్తుంది.

ఇక నేను అన్నిటికంటే ఎక్కువ నమ్మే చోటు, ఇనుప తోకా, మెగ్నీషియం బాడీ కలిసే అంచు. రెండు వేర్వేరు లోహాలు తడిలో ఒకదాన్నొకటి తాకి ఉంటే, వాటిలో మెగ్నీషియం ముందు తినేయబడుతుంది, ఇనుముని కాపాడి తాను పోతుంది. ఇదే సూత్రంతో వేడినీళ్ల ట్యాంకుల్లో మెగ్నీషియం కడ్డీలు, ఓడల అడుగున ఎక్కువగా జింకు ముక్కలు పెడతారు. అందుకే దశాబ్దాలపాటు కలిసే ఉన్న తోకా బాడీల అంచున తెల్లటి పొడి, చిన్న చిన్న గుంటలు, తోక అంచు ఆకారాన్నే అనుసరిస్తూ కనిపిస్తాయి. ఆ గుంటలు తోక అంచుకి సరిపోలకపోతే, లేదా తోక బాగా తుప్పు పట్టి ఉండి అంచున బాడీ అద్దంలా ఉంటే, రెండు వేర్వేరు బాంబుల ముక్కల్ని జత చేశారన్నమాట. ఇలాంటి జతలు చాలానే తిరుగుతున్నాయి. ఎందుకో కింద ఇంకో ప్రశ్నలో చెబుతాను.

ఇప్పుడు పెయింట్. భూతద్దం పెట్టి ముద్రలు చూడండి. నేను చూసిన నిజమైన వాటిలో తయారీ గుర్తు, సంవత్సరం, లాట్ నంబరు లోహంలోకి కొట్టి ఉన్నాయి. ముద్ర గుంటల్లో తర్వాతి కాలపు పెయింట్ చిక్కగా నిండి, అంకెల అంచులు మొద్దుబారిపోయి ఉంటే పైన కొత్త పూత పడిందని అర్థం. తోక మీద అయితే తుప్పు గుంటలు చూడాలి. అసలు పెయింట్ కింద నుంచి తుప్పు పైకి పొడుచుకుని వస్తుంది, పెయింట్ ఎత్తుగా లేచి, పగిలి, గుంట చుట్టూ విరిగిన అంచు ఉంటుంది. తిరిగి వేసిన పెయింట్ అయితే తుప్పు గుంటలోకి దిగి, దాని అడుగున కూడా నున్నగా పరుచుకుని ఉంటుంది. దీనికి వేరే సాక్ష్యం అక్కర్లేదు, ఎందుకంటే ఫ్యాక్టరీలో పెయింట్ వేసే రోజుకి ఆ గుంట పుట్టనే లేదు.

అరుగుదల కూడా మాట్లాడుతుంది. చేతులు తగిలే చోట్ల, బల్ల మీద ఆనే చోట్ల, తోక రెక్కల బయటి అంచుల్లో పెయింట్ పల్చబడాలి, రెక్కల మూలల్లో, లోపలి వైపు మిగలాలి. చేయి దూరని మూలలో కూడా పెయింట్ గీకి ఉంటే, అది కాలం చేసిన పని కాదు, శాండ్‌పేపర్ చేసిన పని. యూవీ టార్చ్ ఉంటే చీకటి గదిలో ఒకసారి వేసి చూడండి, కొన్ని ఆధునిక పెయింట్లు, జిగుర్లు, పుట్టీలు నీలంగానో పాలలాగానో మెరుస్తాయి. మెరవలేదు కాబట్టి అసలుదే అని మాత్రం అనుకోకండి, అన్ని కొత్త పెయింట్లూ మెరవవు. అలాగే దూది మీద అసిటోన్ చుక్క వేసి రుద్దే అలవాటు చాలామందికి ఉంది, దయచేసి మానేయండి. రంగు దూదికి వచ్చిందా, కొత్తది అంటారు. ఆ రోజుల్లో విరివిగా వాడిన నైట్రోసెల్యులోజ్ లక్క పెయింట్ కూడా అసిటోన్‌లో హాయిగా కరుగుతుంది. అంటే పరీక్ష ఏమీ చెప్పదు, పైగా అసలు పెయింట్‌లో ఒక చుక్క పోతుంది.

రంగు చార్టు తీసుకుని పక్కన పెట్టి, "ఇది ఫలానా నంబరు ఆకుపచ్చ కాదు, కాబట్టి నకిలీ" అని తేల్చేవాళ్లు కూడా ఉన్నారు. ఎనభై ఏళ్ల వెలుతురు, పొగ, నూనె చేతులు, ఎవరో మంచి మనసుతో పూసిన వార్నిష్, ఇవన్నీ దాటి వచ్చిన రంగుని ఈ నెల అచ్చయిన చార్టుతో పోల్చి తీర్పు చెప్పడం అన్యాయం. నేను రంగు కంటే పొర చూస్తాను.

చివరగా వాసన. నవ్వకండి, ఇది బాగా పనికొస్తుంది. ఖాళీదని రూఢి అయిన వస్తువుని మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో ఒక రాత్రంతా పెట్టి, పొద్దున మూత తీసి వాసన చూడండి. ఈ మధ్యే వేసిన పెయింట్ అయితే డబ్బా చెప్పేస్తుంది.

ప్రశ్న: నేను కొన్న బాంబు బాడీ మసకగా, మరకలతో, అక్కడక్కడ గోధుమ రంగులో ఉంది. బఫింగ్ మిషన్ మీద పాలిష్ చేసి తోకకి కొత్తగా ఆకుపచ్చ వేయిద్దామనుకుంటున్నాను. షోకేసులో బాగుంటుందని నా ఉద్దేశం. మీ సలహా?

జవాబు: వద్దు సార్. బతిమాలుకుంటున్నాను, వద్దు.

మొదటి కారణం ప్రాణభయం. మెగ్నీషియం ముద్దగా ఉన్నప్పుడు అంత తేలిగ్గా అంటుకోదు, కానీ రజనుగా, పొట్టుగా, సన్నటి చెక్కులుగా మారితే ఒక్క నిప్పురవ్వ చాలు. బఫింగ్ మిషన్ దగ్గర ఆ ధూళి చేరుతుంది, పక్కనే అదే మిషన్ మీద ఇనుము రుద్దితే రవ్వలు పుడతాయి. అంటుకున్నాక నీళ్లు పోస్తే మంట ఆరదు సరికదా, మండే మెగ్నీషియం నీళ్లలోంచి హైడ్రోజన్‌ని విడగొట్టి ఇంకా రేగుతుంది. యుద్ధకాలంలో బకెట్లతో పొడి ఇసుక వీధివీధినా పెట్టుకున్నది ఇందుకే. డ్రిల్లు, గ్రైండర్, వైర్ బ్రష్, వీటిలో ఏదీ ఎలెక్ట్రాన్ దగ్గరికి రాకూడదు.

రెండో కారణం, ఆ గోధుమ మరక ఏమిటో మీకు తెలియకుండానే తీసేయబోతున్నారు. మెగ్నీషియం లోహాల్ని తుప్పు నుంచి కాపాడటానికి ఆ రోజుల్లో బైక్రోమేట్ ద్రావణంలో ముంచడం పరిశ్రమలో పరిపాటి. ఆ పొర పసుపు నుంచి గోధుమ దాకా, కొన్నిసార్లు ఇత్తడి ఛాయలో ఉంటుంది. మీ దాని మీద ఉన్నది అదో, మామూలు మరకో ఫొటో చూసి నేను చెప్పలేను. కానీ అది ఆ పొరే అయితే, ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చినప్పటి చర్మం మీ చేతిలో ఉన్నట్టు. పది నిమిషాల పాలిష్‌కి అది పోతుంది, ఇంకెవరూ తిరిగి తేలేరు.

నా మొదటి బాంబుకి నేను చేసింది సరిగ్గా ఇదే. ఇరవై ఏళ్ల కిందటి మాట. తోక మీద ఆకుపచ్చ సగం లేచిపోయి, మిగతా సగం నల్లగా జిడ్డు పట్టి ఉంది. అమ్మినాయన "శుభ్రం చేస్తే కొత్తదానిలా ఉంటుంది" అన్నాడు, నేనూ నమ్మి పెయింట్ తీసే మందు పూసి, ఒక ఆదివారం కూర్చుని మొత్తం గీకేశాను. గీకుతుంటే రెక్క లోపలి వైపు జిడ్డు కింద పెన్సిలుతో రాసిన చిన్న అక్షరాలు కనబడ్డాయి, ఇంగ్లీషులో, ఒక వీధి పేరులా ఉంది, దాని పక్కన తేదీలా ఏదో. చదివేలోపే మందు దాన్ని కరిగించేసింది. ఆ బాంబు ఏ ఇంటి మీద పడిందో, ఎవరు ఎత్తి దాచారో చెప్పే ఒకే ఒక్క ఆధారం నా చేతులతో నేనే తుడిచేశాను. ఆ తోక ఇప్పటికీ నా దగ్గర ఉంది, మెరుస్తోంది, కానీ దాన్ని చూసి ఏమీ తెలుసుకోలేం. కొత్తవాళ్లెవరైనా పాలిష్ మాట ఎత్తితే వాళ్లకి దాన్నే చూపిస్తాను.

మీరు కొన్నది అంతకుముందే ఎవరో పాలిష్ చేసింది అయితే మాత్రం అలాగే ఉంచండి, మళ్లీ "ఒరిజినల్ లుక్" కోసం రంగు వేయొద్దు. యుద్ధం తర్వాత ఇంగ్లండ్‌లో వీటిని మెరిపించి లైట్ స్టాండుగానో, టేబుల్ మీద అలంకారంగానో వాడుకున్నారు. కొన్నింటి మీద ఊరి పేరు, తేదీ చెక్కించుకున్నారు. ఆ పాలిష్‌కి కూడా డెబ్బై ఎనభై ఏళ్లు ఉంటే అది కూడా దాని కథలో భాగమే.

ప్రశ్న: "జర్మన్ ఇన్సెండియరీ" అని చెప్పి నాకు ఒకటి అమ్మారు. బాడీ గుండ్రంగా లేదు, ఆరు పలకలుగా ఉంది. ఇది ఏ రకం?

జవాబు: అది జర్మన్‌ది కాదు. ఆరు పలకల మెగ్నీషియం బాడీ, ఉక్కు ముక్కు ఉంటే బ్రిటిష్ నాలుగు పౌన్ల నిప్పు బాంబు, లేదా దాన్ని చూసి అమెరికన్లు చేసుకున్న ఏఎన్-ఎం50. పలకలుగా చేసింది డబ్బాలో ఖాళీ లేకుండా తేనెపట్టులా సర్దడానికి. 1943లో హాంబర్గ్ మీద, 1945లో డ్రెస్డెన్ మీద బ్రిటిష్ విమానాలు లక్షల్లో వేసినవి ఇవే. జర్మన్ కిలో బాంబు బాడీ గుండ్రం. డబ్బులు తిరిగి అడగండి, ఇవ్వకపోతే ఉంచుకోండి, ఆ బాంబు చరిత్రేమీ చిన్నది కాదు. అయితే ఖాళీదో కాదో చూసే నియమం దీనికీ అంతే.

ప్రశ్న: నా బీ1ఈ తోక మీద పసుపు చారలు, బాడీ మీద పెద్ద స్వస్తిక, గద్ద స్టెన్సిల్ ఉన్నాయి. చాలా అరుదైన రకం అని చెప్పారు. నిజమేనా?

జవాబు: జర్మన్ వైమానిక దళం బాంబుల తోకల మీద రంగు చారలకి ఒక అర్థం ఉంది. పసుపు చార ఎస్‌సీ రకానికి, అంటే పల్చటి గోడ, ఎక్కువ పేలుడు మందు ఉన్న బాంబులకి. ఎరుపు ఎస్‌డీకి, మందమైన గోడతో ముక్కలు చిమ్మే రకం. నీలం పీసీకి, కవచాల్ని, కాంక్రీటుని చీల్చుకుని పోయే రకం. ఎవరో పెద్ద బాంబుల ఫొటో చూసి, చారలు బాగున్నాయనుకుని చిన్నదానికి వేసినట్టుంది. నా చేతుల మీదుగా పోయిన కిలో బాంబుల్లో పసుపు చారలున్నది ఒక్కటీ లేదు.

స్టెన్సిల్ సంగతి ఇంకా తేలిక. ఆకాశం నుంచి వందల్లో పడి కాలిపోయే వస్తువు మీద అంత పెద్ద గుర్తు ఎవరు వేస్తారు, ఎవరు చూడాలని వేస్తారు? స్వస్తిక కనబడితే ధర పెరుగుతుంది, అందుకే వేస్తారు. నిజమైన గుర్తులు చిన్నవి, లోహంలో కొట్టినవి, వెతికితే గానీ దొరకనివి. వాటి విలువ చూడండి. స్పెయిన్‌లో గెర్నికా పట్టణం 1937 ఏప్రిల్ 26న బాంబులతో తగలబడినప్పుడు, అసలు విమానదాడే జరగలేదని, పారిపోతున్నవాళ్లే ఊరు తగలబెట్టుకున్నారని, అక్కడి అంతర్యుద్ధంలో జర్మన్ల సాయంతో పోరాడుతున్న సైన్యాధిపతి ఫ్రాంకో పక్షం ప్రచారం చేసింది. ఆ రాత్రే అక్కడికి వెళ్లిన ద టైమ్స్ విలేకరి జార్జ్ స్టీర్, అక్కడ దొరికిన నిప్పు బాంబుల మీద జర్మన్ ముద్రల్ని, 1936 అనే సంవత్సరాన్ని ప్రపంచానికి తెలియజేశాడు. లోహంలో కొట్టిన నాలుగంకెలు ఒక అబద్ధాన్ని నిలబడనివ్వలేదు. అందుకే ముద్ర మీద పెయింట్ పూసినవాళ్లని చూస్తే నాకు అంత బాధ.

మీ దాని మీది చారలు గీకి తీయాలా అంటే, తొందరపడొద్దు. వాటి కింద అసలు ఆకుపచ్చ బతికి ఉండొచ్చు. మ్యూజియం పనులు చేసే కన్జర్వేటర్‌కి చూపించండి, పై పొర ఒక్కటే తీయగలిగితే వాళ్లే తీయగలరు.

ప్రశ్న: నా దగ్గర తోక ఒక్కటే ఉంది, వంకరపోయి, కాలి, పెయింట్ అసలు లేదు. మా మామగారు చిన్నప్పుడు ఇంగ్లండ్‌లోని కోవెంట్రీ నగరంలో ఏరి తెచ్చుకున్నారట. దీనికి బాడీ ఎక్కడైనా సంపాదించి పూర్తి చేయాలని మా ఆయన అంటున్నారు.

జవాబు: మీ మామగారి తోక పూర్తిగానే ఉందమ్మా. దానికి ఇంకేమీ అతకొద్దు.

బాడీ మండిపోయే లోహం, తోక ఇనుము. బాంబు తన పని తాను చేస్తే మిగిలేది తోకా, దాని కింద తెల్లటి బూడిద గడ్డా మాత్రమే. అందుకే ఇంగ్లండ్‌లో తోకలు విరివిగా దొరుకుతాయి, నిండు బాంబులు తక్కువ. పైన జతల గురించి చెప్పానే, అవి పుట్టేది ఇక్కడే. ఎక్కడిదో ఖాళీ బాడీకి ఇంకెక్కడిదో తోక తగిలించి, రెండూ కలిసేలా రంగు కొట్టి, "ఒరిజినల్ ఫినిష్" అని రాస్తారు.

1940 నవంబర్ 14 రాత్రి కోవెంట్రీ మీద సుమారు 500 టన్నుల పేలుడు బాంబులతోపాటు దాదాపు 36,000 నిప్పు బాంబులు పడ్డాయని చెబుతారు. అక్కడి కెథడ్రల్, అంటే ఊరి ప్రధాన చర్చి, తగలబడింది నిప్పు బాంబులతోనే. ఒకదాన్ని ఆర్పేలోపు ఇంకొకటి పడింది. వీటిని ఒక్కొక్కటిగా విసరలేదు, 36 చొప్పున పెట్టెల్లో సర్ది గుంపుగా జార్చేవాళ్లు, గాల్లో చెదిరి వీధి పొడవునా పడేవి. ఆరున్నర వారాల తర్వాత, డిసెంబర్ 29 ఆదివారం సాయంత్రం లండన్ సిటీ ప్రాంతం మీదా అలాగే పడ్డాయి. ఆఫీసులన్నీ తాళాలు వేసి ఉన్నాయి, కప్పుల మీద కాపలా లేదు, థేమ్స్ నదిలో నీరు బాగా తగ్గి పైపులకి అందలేదు. సెయింట్ పాల్స్ కెథడ్రల్ డోము మీద ఇరుక్కున్న ఒక నిప్పు బాంబు తనంతట తాను జారి కింది గ్యాలరీలో పడితే అక్కడి కాపలావాళ్లు ఆర్పేశారు, ఆ గుడి అలా మిగిలింది. ఆ దాడి తర్వాతే, 1941 జనవరిలో, వ్యాపార భవనాల్లో రాత్రి కాపలాని ప్రభుత్వం తప్పనిసరి చేసింది.

అలాంటి రాత్రుల మర్నాడు పిల్లలు వీధుల్లో ఇవే ఏరుకుని, బడిలో ఒకరికొకరు మార్చుకునేవాళ్లు. మీ మామగారు ఆ పిల్లల్లో ఒకరన్నమాట. తోక మీద పెయింట్ లేదన్నారు, ఉండదు, కాలింది కాబట్టి. ఆ మసి, ఆ నీలి మచ్చల ఇనుము, ఆ వంకర, అదే దాని ఫినిష్. ఇంతకన్నా అసలు ఫినిష్ ఏ వేలంలోనూ దొరకదు. ఆయన ఇంకా ఉంటే, ఏ వీధిలో దొరికిందో, అప్పుడు తనకి ఎన్నేళ్లో ఈ రోజే ఒక కాగితం మీద రాయించి, తేదీ వేసి సంతకం పెట్టించి, తోకతోపాటు దాచండి. దాని మీద మాత్రం ఏమీ రాయకండి.

ప్రశ్న: బాడీ మీద తెల్లపొడి లేస్తోంది. వెనిగర్‌తో కడగమని ఒకరు, నూనె రాయమని ఒకరు చెబుతున్నారు. షోకేసు ఓక్ చెక్కతో చేయించింది.

జవాబు: వెనిగర్ ముట్టుకోవద్దు. మెగ్నీషియంకి యాసిడ్ అంటే పడదు, బలహీనమైన యాసిడ్ అయినా బుస్సుమని పొంగి తినేస్తుంది, ఆ పొంగులో వచ్చేది హైడ్రోజన్. మీ షోకేసు కూడా నేరస్థుడే. ఓక్ చెక్క నెమ్మదిగా ఎసిటిక్ యాసిడ్ ఆవిరి విడుస్తూ ఉంటుంది, మూసిన అద్దాల పెట్టెలో అది బయటికి పోదు. అంటే వెనిగర్‌తో కడగకుండానే రోజూ కొంచెం కొంచెం వెనిగర్ పెడుతున్నట్టే. ముందు బాంబుని అందులోంచి తీయండి.

మెత్తటి పొడి బ్రష్‌తో తెల్లపొడి దులపండి, పెయింట్ అంచుల దగ్గర బ్రష్ అసలు తగలనివ్వకండి. నీళ్లు వద్దు, సముద్రపు గాలి తగిలే గది అసలే వద్దు, ఉప్పు చేరితే మెగ్నీషియం నిలవదు. ఎప్పుడు పట్టుకున్నా చేతికి గ్లోవ్స్ వేసుకోండి, చెమటలో ఉన్నదీ ఉప్పే. లోహపు పెట్టెలోనో, యాక్రిలిక్ పెట్టెలోనో సిలికా జెల్ సంచులతో పెట్టి, ఆ సంచుల్ని గుర్తుపెట్టుకుని మారుస్తూ ఉండండి. పెయింట్ లేని బాడీకి మైక్రోక్రిస్టలైన్ మైనం పల్చగా ఒక పూత చాలు. బ్రిటిష్ మ్యూజియంలో 1950ల్లో తయారుచేసిన రినైసాన్స్ వ్యాక్స్ అనేది చాలామంది వాడేది. తోక మీద పెయింట్ లేచి ఉంటే అక్కడ మైనం రాయకండి, గుడ్డకి పెచ్చులు అంటుకుని వచ్చేస్తాయి. నూనె రాస్తే దుమ్ము పడుతుంది, రంగు ముదురుతుంది, తర్వాత పెయింట్ వయసు చూడాలన్నా ఏదీ సరిగా కనబడదు.

ప్రశ్న: లండన్‌లో కొన్న ఖాళీ బాంబుని సూట్‌కేసులో పెట్టుకుని విమానంలో తీసుకురావచ్చా? ఖాళీదని సర్టిఫికెట్ ఉంది.

జవాబు: తేవొద్దు. స్కానర్‌లో అది బాంబు ఆకారంలోనే కనబడుతుంది, సర్టిఫికెట్ సూట్‌కేసు లోపల ఉంటుంది. టెర్మినల్ ఖాళీ చేయిస్తే ఆ టెన్షన్ మీ ఒక్కరిది కాదు. చేతి సామానులో గానీ, చెక్-ఇన్ సామానులో గానీ, పోస్టులో గానీ, ముందుగా లిఖితపూర్వక అనుమతి లేకుండా పంపొద్దు. అక్కడ ఉన్న మీవాళ్ల దగ్గరే ఉంచండి, ముద్రలు, అంచులు, తోక లోపలి వైపు మంచి వెలుతురులో ఫొటోలు తీయించి నాకు పంపండి, పెయింట్ సంగతి ఆ ఫొటోల్లో చూద్దాం.